"అక్కా, సీఈ స్టిక్కర్ ఎక్కడ దొరుకుతుంది?"

నిరుడు దసరాకు ముందు ఒక ఫోన్ వచ్చింది. చేసింది నా పాత సహోద్యోగి తమ్ముడు. కుషాయిగూడలో చిన్న షెడ్డు తీసుకుని, ఆరుగురు మనుషులతో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారు చేస్తున్నాడు. "అక్కా, జర్మనీ నుంచి ఆర్డరొచ్చింది. మూడొందల పీసులు. సీఈ స్టిక్కర్ వేసి పంపమంటున్నారు. ఆ స్టిక్కర్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది.

సీఈ అంటే, వస్తువు యూరప్ చట్టాలకు లోబడి ఉందని తయారుదారు వేసే గుర్తు. స్టిక్కర్ ఏ ప్రింటరైనా అచ్చు వేసిస్తాడు. ఆ రెండక్షరాలు వేసుకునే హక్కు మాత్రం మనమే సంపాదించుకోవాలి. ఆ రాత్రి అతనితో గంటన్నర మాట్లాడాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అవే ప్రశ్నలు అడిగారు. అందుకే ఏ దేశానికి ఏ పరీక్షలు, ఏ ముద్రలు కావాలో ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను చర్లపల్లిలో ఒక కంపెనీలో పదిహేడేళ్లుగా టెస్టింగ్, సర్టిఫికేషన్ పని చూస్తున్నాను. మా సరుకు చిన్న పెట్టె. మందుల గోదాముల్లో, టీకాల ఫ్రిజ్‌ల పక్కన గోడకు తగిలిస్తారు. దానికి ఒక స్టీలు ప్రోబ్, లోపల వై-ఫై, కరెంటు పోతే పనిచేయడానికి లిథియం బ్యాటరీ, గోడ ప్లగ్గుకు 5 వోల్టుల అడాప్టర్ ఉంటాయి. ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసుకుని పంపిస్తుంది. ఇదే పెట్టెను మేం ఇండియాలో అమ్ముతాం, యూరప్, బ్రిటన్, అమెరికా, జపాన్, దుబాయ్ పంపుతాం. మీరు చేసేది వేరే వస్తువైనా దారి దాదాపు ఇదే కాబట్టి ఈ పెట్టెను పట్టుకునే చెప్తాను.

ముందు దేశాల పేర్లు రాయండి

సర్క్యూట్ బోర్డు గీయకముందే, ఏ దేశాల్లో అమ్ముతారో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అమ్మేవి ఒక వరుసలో, రెండేళ్లలో అమ్మాలనుకునేవి ఇంకో వరుసలో. ఈ పని చేయకుండా డిజైన్ మొదలుపెట్టిన వాళ్లంతా తర్వాత బోర్డు మళ్లీ గీశారు. మేమూ గీశాం.

ప్రతి దేశమూ అడిగేవి ముఖ్యంగా మూడే. ముట్టుకుంటే షాక్ కొట్టకూడదు, అంటుకోకూడదు. రేడియో రొద చేసి పక్కవాటిని చెడగొట్టకూడదు. లోపల సీసం లాంటి విషపదార్థాలు హద్దు దాటకూడదు. నెట్‌కు తగులుకునే వస్తువైతే ఈ మధ్య నాలుగోది చేరింది: ఎవరూ సులువుగా లోపలికి చొరబడకూడదు. ప్రశ్నలు అన్నిచోట్లా ఒకటే. జవాబు ఎవరు చెప్పాలి, ఎవరి ముందు చెప్పాలి అన్నదాంట్లోనే దేశానికీ దేశానికీ తేడా.

యూరప్‌లో మా లాంటి పెట్టెకు జవాబు చెప్పేది తయారుదారే. పరీక్షలు చేయించి, ఫైలు తయారు చేసి, "ఇది ఫలానా చట్టాలకు లోబడి ఉంది" అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టి సీఈ గుర్తు వేసుకుంటాం. ప్రభుత్వం నుంచి సర్టిఫికేట్ రాదు. అందువల్ల ఇది తేలిక అని చాలామంది అనుకుంటారు. నాకైతే ఇదే అన్నిటికన్నా బరువైన పద్ధతి. రేపు ఏదైనా జరిగితే ఆ సంతకం పెట్టిన మనిషిని అడుగుతారు.

అమెరికాలో రెండు దారులు వేరువేరుగా నడుస్తాయి. రేడియో సంగతి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ చూస్తుంది. షాక్, మంటల సంగతి యూఎల్, ఇంటర్‌టెక్ లాంటి గుర్తింపు పొందిన ల్యాబ్‌లు చూస్తాయి. వీటినే ఎన్‌ఆర్‌టీఎల్ అంటారు. యూఎల్ 1894లో పుట్టింది. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో అగ్నిప్రమాదాల నష్టం భరించాల్సి వచ్చే ఇన్సూరెన్స్ వాళ్లే దానికి డబ్బు పెట్టారు. ఆ జాడ ఇప్పటికీ ఉంది. ఇంట్లో వాడే అన్ని వస్తువులకూ యూఎల్ గుర్తు ఉండి తీరాలని అమెరికా కేంద్ర చట్టమేమీ లేదు. అయినా దుకాణాలు, ఇన్సూరెన్స్ కంపెనీలు అడుగుతాయి. ఉద్యోగులు పనిచేసే చోట వాడే విద్యుత్ పరికరాలకైతే కార్మిక భద్రత చూసే ఓషా నిబంధనలే గుర్తింపు పొందిన ల్యాబ్ ముద్ర అడుగుతాయి. మా పెట్టెలు వెళ్లేది గోదాములకు, ఆసుపత్రులకు. కాబట్టి ముద్ర లేని అడాప్టర్ పంపే ప్రశ్నే లేదు.

మన దగ్గర ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి కంపల్సరీ రిజిస్ట్రేషన్ ఉంది. 2012 ఉత్తర్వుతో మొదలై, తర్వాత జాబితా పెరుగుతూ వచ్చింది. ఇది వస్తువు పేరును బట్టి నడుస్తుంది. ఉష్ణోగ్రత రికార్డర్ పేరు ఆ జాబితాలో లేదు గానీ, అడాప్టర్ ఉంది, లిథియం బ్యాటరీ ఉంది. కాబట్టి పెట్టెకు అక్కర్లేకపోయినా లోపలివాటికి కావాలి. రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీకి, బ్రాండుకు కట్టుబడి ఉంటుంది. ఒకసారి చైనా నుంచి తెప్పించిన అడాప్టర్లు చెన్నై పోర్టులో పంతొమ్మిది రోజులు ఆగిపోయాయి. సప్లయర్ చూపించిన సర్టిఫికేట్ నిజమైనదే, కానీ అది వాళ్ల రెండో ఫ్యాక్టరీది. మా సరుకు తయారైంది మూడో ఫ్యాక్టరీలో. సర్టిఫికేట్ చేతికి రాగానే నంబరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. ఫ్యాక్టరీ చిరునామా, బ్రాండు, మోడల్ మూడూ అక్షరం అక్షరం సరిచూడండి.

మీ పెట్టె ఏ కోవలోకి వస్తుంది

ఇది తప్పితే తర్వాత చేసేదంతా వృథా. కంప్యూటర్లు, ఫోన్లు, టీవీల లాంటివాటికి అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఈసీ 62368-1. మా పెట్టె కొలిచే పరికరం. కొలత పరికరాలకు, ల్యాబ్ పరికరాలకు ఐఈసీ 61010-1 వేరే ఉంది. "లోపల వై-ఫై ఉందిగా, 62368 వేసేద్దాం" అని ఒక కన్‌సల్టెంట్ మాకు సలహా ఇచ్చాడు. కోట్ కూడా ఇచ్చాడు. నాకు మనసొప్పలేదు. రెండు ప్రమాణాల్లోనూ మొదటి అధ్యాయం తీసి, "ఈ ప్రమాణం వేటికి వర్తిస్తుంది" అన్న భాగం రెండు రోజులు చదివాను. 61010లో మా వస్తువు వర్ణనే ఉంది. మీరూ ఆ భాగం మీ కళ్లతో చదవండి. చదివి, ఎందుకు ఈ ప్రమాణం ఎంచుకున్నారో అరపేజీ రాసి ఫైల్లో పెట్టండి. రేపు అడిగినవాళ్లకు అదే మీ మొదటి జవాబు.

యూరప్ విషయంలో ఇంకో మెలిక ఉంది. లో వోల్టేజ్ డైరెక్టివ్ అనే అక్కడి భద్రతా చట్టం 50 వోల్టుల ఏసీ, 75 వోల్టుల డీసీ నుంచి మొదలవుతుంది. మాది 5 వోల్టులు, కాబట్టి ఆ చట్టం మాకు తగలదు అనిపిస్తుంది. కానీ వై-ఫై ఉన్న క్షణం రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్, అంటే 2014/53/ఈయూ కిందికి వస్తాం. దానికి కింది హద్దు లేదు. బ్యాటరీ మీద నడిచే బొమ్మకైనా భద్రత చూపించాల్సిందే. అలా ఈ డైరెక్టివ్ కిందికి వచ్చిన పెట్టె డిక్లరేషన్‌లో లో వోల్టేజ్, ఈఎంసీ (రేడియో రొద సంగతి చూసేది) డైరెక్టివ్‌ల పేర్లు రాయకూడదు. ఆ రెండూ రేడియో లేని అడాప్టర్‌కు వర్తిస్తాయి, పెట్టెకు కాదు. మూడూ కలిపి రాసిన డిక్లరేషన్లు నేను చాలా చూశాను. తెలిసినవాళ్లకు మొదటి చూపులోనే దొరికిపోతాయి.

230 వోల్టులను పెట్టె బయటే ఆపండి

చిన్న కంపెనీలకు నేను గట్టిగా చెప్పే సలహా ఇదే. గోడ కరెంటును మీ పెట్టెలోకి రానివ్వకండి. అన్ని ముద్రలూ ఉన్న అడాప్టర్ కొనండి. షాక్, మంటల బరువులో చాలా భాగం ఆ అడాప్టర్ మోస్తుంది.

కొనేటప్పుడు అడిగేవి: ఇండియాకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు (ఆర్-నంబరు), అమెరికాకు యూఎల్ లేదా అలాంటి ముద్ర, కరెంటు ఆదా స్థాయిని చెప్పే రోమన్ అంకె ఆరు (VI), జపాన్‌కు డైమండ్ ఆకారపు పీఎస్ఈ భద్రతా గుర్తు, యూరప్‌కు సీఈ డిక్లరేషన్. జపాన్‌లో పీఎస్ఈ రెండు రకాలు. ఎక్కువ ప్రమాదం ఉన్నవాటికి డైమండ్, మిగతావాటికి గుండ్రటిది. అడాప్టర్ డైమండ్ కోవలో ఉంది, అంటే గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి తీరాలి. అక్కడ కరెంటు 100 వోల్టులు, తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60 హెర్ట్జ్. అందుకే అడాప్టర్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. 220–240 అని ఉన్నది చవగ్గా దొరుకుతుంది. అది జపాన్‌లో, అమెరికాలో పనికిరాదు.

తప్పనిసరిగా 230 వోల్టులు లోపలికి రావాల్సి వస్తే? మా రెండో మోడల్‌లో సైరన్ మోగించడానికి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్ పెట్టాం. అప్పుడు వచ్చింది అసలు పని. గోడ కరెంటు తీగలకూ, మనిషి చేయి తగిలే వైపు తీగలకూ మధ్య బోర్డు ఉపరితలం మీద కొంత దూరం ఉండాలి, గాలిలో కొంత దూరం ఉండాలి. మొదటిది క్రీపేజ్, రెండోది క్లియరెన్స్. ఎన్ని మిల్లీమీటర్లన్నది వోల్టేజీని బట్టి, దుమ్మూ తేమా చేరే అవకాశాన్ని బట్టి, బోర్డు పదార్థాన్ని బట్టి ప్రమాణంలోని పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక ఎంత చెప్పినా మేం 8 మిల్లీమీటర్లు వదులుతాం, రిలే కింద బోర్డుకు గాడి కోస్తాం. పట్టికలో మామూలుగా 2000 మీటర్ల ఎత్తు వరకే లెక్క. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, నిప్పురవ్వ తేలిగ్గా దూకుతుంది. లేహ్ 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ఆసుపత్రికి మా పెట్టెలు వెళ్లాలని మాకు ఆశ. 8 వదలడానికి అది ఒక కారణం.

మా మొదటి రిలే బోర్డులో లేఅవుట్ వేసిన అబ్బాయి అన్ని దూరాలూ సరిగ్గా పాటించాడు. కానీ రిలే పక్కనే బిగింపు స్క్రూ పెట్టాడు. స్క్రూ లోహం కదా. కరెంటు తీగ నుంచి స్క్రూకు 3 మిల్లీమీటర్లు, స్క్రూ నుంచి అటువైపు తీగకు 2. మధ్యలో లోహం ఉన్నచోట దూరం లెక్కలోకి రాదు. స్క్రూ తల వెడల్పు కూడా వదిలి కొలవాలి. ల్యాబ్ ఇంజినీరు పది సెకన్లలో వేలు పెట్టి చూపించాడు. బోర్డు మళ్లీ గీశాం, ఆరు వారాలు పోయాయి.

రేడియో

వై-ఫై చిప్ కొని సొంతంగా యాంటెన్నా గీయకండి. ముందే సర్టిఫై అయిన మాడ్యూల్ కొనండి. చిన్న ఆర్డర్లకు ఇదే లాభం. మాడ్యూల్‌కు ఎఫ్‌సీసీ ఐడీ ఉంటే, పెట్టె మీద "ఇందులో ఫలానా ఎఫ్‌సీసీ ఐడీ ఉంది" అనే మాటను వాళ్లు చెప్పిన ఇంగ్లీషు వరుసలోనే రాస్తే చాలు. షరతులున్నాయి. మాడ్యూల్‌తో పరీక్షించిన రకం యాంటెన్నానే వాడాలి. సాధారణంగా మనిషి ఒంటికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండే వాడకానికే ఆ అనుమతి ఉంటుంది. గోడ పెట్టెకు సరిపోతుంది, చేతికి కట్టుకునే దానికి సరిపోదు.

మాడ్యూల్‌కు ముద్ర ఉంది కదా అని పెట్టెను పరీక్షించకుండా వదలడం చాలామంది చేసే తప్పు. మిగతా బోర్డు చేసే రొదకు పెట్టె మొత్తాన్ని పరీక్షించాలి. అమెరికాలో బాధ్యత తీసుకునే మనిషి గానీ సంస్థ గానీ అక్కడే ఉండాలి. మాకు అక్కడి డిస్ట్రిబ్యూటరే ఒప్పుకున్నాడు. అది రాతలో పెట్టుకున్నాం.

ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపల నడిచే ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఒక మాట. 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికాకు 1 నుంచి 11 చానళ్లు, మనకూ యూరప్‌కూ 13 వరకు. దేశం కోడ్ ఫ్యాక్టరీలోనే వేసి తాళం వేయండి. కొన్నవాళ్లు మార్చుకునే వీలు ఉండకూడదు.

ఇండియాలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్స్ అక్కర్లేదు, కానీ కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే అనుమతి కావాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేస్తాం. జపాన్‌కు వాళ్ల రేడియో గుర్తు వేరు, దాన్ని గిటెకి అంటారు. ఎఫ్‌సీసీ కాగితం అక్కడ చెల్లదు. మాడ్యూల్ ఎంచుకునేటప్పుడే ఈ గుర్తులన్నీ ఉన్నదాన్ని చూసుకోండి, నలభై యాభై రూపాయలు ఎక్కువైనా పెట్టండి.

దుబాయ్ పంపేటప్పుడు నేనే పొరపాటు చేశాను. సీఈ ఫైలు మొత్తం ఉంది కదా, సరిపోతుందనుకున్నాను. రేడియో ఉన్న పరికరానికి యూఏఈలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ టీడీఆర్‌ఏ అనుమతి వేరే తీసుకోవాలి. నలభై పెట్టెలు కస్టమ్స్‌లో ఆగాయి. కరీంనగర్ నుంచి వెళ్లి అక్కడ గోదాములో పనిచేస్తున్న ఒకాయన రోజూ ఫోన్ చేసి "మేడం, మందులు ఎండకు పాడైపోతే మమ్మల్నే అంటారు" అనేవాడు. ఆయన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. సౌదీకి సేబర్ అనే పోర్టల్ ఉంది. అక్కడి దిగుమతిదారే అందులో వస్తువును నమోదు చేయాలి, ఆ తర్వాత పంపే ప్రతి సరుకుకూ మళ్లీ సర్టిఫికేట్ తీసుకోవాలి. గల్ఫ్ అంతా ఒకటే అనుకోకండి.

యూరప్‌లో 2025 ఆగస్టు 1 నుంచి నెట్‌కు తగులుకునే రేడియో పరికరాలకు సైబర్ భద్రత కూడా చేరింది. ప్రమాణం ఈఎన్ 18031. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి పంపే పాత అలవాటు ఇక మానాలి. వాడే మనిషి పాస్‌వర్డ్ పెట్టకుండా దాటేసే వీలిస్తే, ఆ ప్రమాణం పాటించామన్న డిక్లరేషన్ ఒక్కటే చాలదు. నోటిఫైడ్ బాడీ, అంటే యూరప్ గుర్తించిన తనిఖీ సంస్థ దగ్గరికి వెళ్లాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచే ఇళ్లలో వాడే వస్తువులకు ఇలాంటి చట్టం ఉంది. మేం ప్రతి పెట్టెకూ వేరే పాస్‌వర్డ్ ముద్రిస్తున్నాం. మొదటిసారి తెరవగానే మార్చుకోవాల్సిందే. బ్రిటన్ సీఈ గుర్తును చాలా వస్తువులకు ఇంకా ఒప్పుకుంటోంది, కాబట్టి అక్కడి సొంత గుర్తు యూకేసీఏ కోసం వేరే పరుగెత్తలేదు.

ల్యాబ్‌లో మూడు రోజులు

మనకు దగ్గర్లో ల్యాబ్‌లు లేవనుకోకండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర ప్రభుత్వ సంస్థ ఎస్‌టీక్యూసీ వారి పరీక్షా కేంద్రం ఈటీడీసీ ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్ కేంద్రం ఈఎంసీ పనే చేస్తుంది. ప్రైవేటు ల్యాబ్‌లు సరేసరి. ఏ ల్యాబ్‌కు వెళ్లినా ముందు ఒకటే అడగండి: "ఫలానా ప్రమాణం, ఫలానా ఎడిషన్ మీ అక్రిడిటేషన్ (గుర్తింపు) జాబితాలో ఉందా?" జాబితా తెప్పించుకుని చూడండి. నోటి మాట చాలదు.

మా పెట్టె మొదటిసారి రేడియో రొద పరీక్షలో ఫెయిలైంది. గదిలో బల్ల మీద పెట్టి, 3 మీటర్ల దూరాన యాంటెన్నా నిలబెట్టి, బల్లను గుండ్రంగా తిప్పుతూ కొలుస్తారు. గ్రాఫ్‌లో 168 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మొన లేచింది, 46 డెసిబెల్. మా ప్రాసెసర్ క్లాక్ 24 మెగాహెర్ట్జ్. ఏడుసార్లు 24 అంటే 168. దోషి ఎవరో ఆ లెక్కే చెప్పింది. ఇలాంటి లెక్క మీరూ వేసుకోండి. మొన లేచిన సంఖ్యను మీ బోర్డు మీదున్న క్లాక్‌లతో భాగించి చూడండి.

తీగలోంచి కాక బోర్డులోంచి అంత బలంగా రాదని అనుమానం వచ్చి, ప్రోబ్ తీగ ఊడదీశాం. మొన పడిపోయింది. రెండు మీటర్ల ప్రోబ్ తీగ యాంటెన్నాలా పనిచేస్తోంది. తీగకు రొదను తగ్గించే ఫెర్రైట్ పూస తొడిగాం. 42కి వచ్చింది. అక్కడ నేర్చుకున్నాను: 168 దగ్గర అమెరికా ఇళ్ల తరగతి హద్దు 3 మీటర్లకు 43.5. యూరప్ హద్దు 40. అంటే ఆ సాయంత్రం మా పెట్టె అమెరికాలో పాస్, యూరప్‌లో ఫెయిల్. ఒకే పెట్టె, ఒకే గది, ఒకే అంకె. దేశాల పట్టిక ముందే రాసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ప్రతి పౌనఃపున్యం దగ్గరా అన్నిటికన్నా బిగుతైన హద్దేదో చూసి దానికే డిజైన్ చేయాలి.

మర్నాడు క్లాక్ గీతలో 33 ఓమ్‌ల రెసిస్టర్ వేశాం, ప్రోబ్ తీగ కవచాన్ని కనెక్టర్ దగ్గరే గ్రౌండ్‌కు కలిపాం. 36 వచ్చింది. హద్దుకు 4 కింద. తయారీలో పెట్టెకూ పెట్టెకూ తేడా ఉంటుంది కాబట్టి కనీసం 3 డెసిబెల్ మిగలకపోతే నేను పాస్ కింద లెక్కపెట్టను, ల్యాబ్ పాస్ అని రాసిచ్చినా సరే.

మూడో రోజు స్టాటిక్ షాక్ పరీక్ష. లోహానికి ముట్టించి 4000 వోల్టులు, గాలిలోంచి 8000 వోల్టులు. ప్రోబ్ మొనకు తగలగానే పెట్టె రీస్టార్ట్ అయింది. తనంతట తాను లేచింది కాబట్టి పరీక్ష వరకు ఫరవాలేదు. కానీ ఆ ఐదు నిమిషాల ఉష్ణోగ్రత రికార్డు పోయింది. టీకాల ఫ్రిజ్ దగ్గర పెట్టే పెట్టెలో డేటా పోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వోల్టేజీ పోటును అడ్డుకునే టీవీఎస్ డయోడ్ ఒకటి చేర్చి మళ్లీ చేయించాం.

ల్యాబ్‌కు తీసుకెళ్లాల్సినవి: కనీసం మూడు పెట్టెలు, అమ్మేటప్పుడు ఇచ్చే తీగలే, అడాప్టర్లు రెండు రకాలు, వై-ఫై ఆగకుండా పంపుతూ ఉండే ఫర్మ్‌వేర్ వేసిన పెట్టె ఒకటి, ఫెర్రైట్ పూసలు, రాగి టేపు, కెపాసిటర్ల డబ్బా, సోల్డరింగ్ ఐరన్, బోర్డు గీసిన మనిషి. ఆఖరుది మర్చిపోకండి. ల్యాబ్‌లో గంటల లెక్కన డబ్బు కడుతూ ఆఫీసుకు ఫోన్లు చేస్తూ కూర్చోవడం చాలా టెన్షన్.

భద్రతా పరీక్ష చేయించేటప్పుడు సీబీ రిపోర్ట్ అడగండి. ఐఈసీఈఈ సీబీ పద్ధతిలో ఒక దేశంలో చేసిన పరీక్షను మిగతా సభ్య దేశాలు ఆధారంగా తీసుకుంటాయి. మన దేశం నుంచి ఎస్‌టీక్యూసీ అందులో ఉంది. అడిగేటప్పుడు "నేషనల్ డిఫరెన్సెస్ (ఆయా దేశాల ప్రత్యేక నిబంధనలు) కూడా కలపండి, అమెరికా, జపాన్, యూరప్‌వి" అని ఆర్డర్‌లోనే రాయించండి. తర్వాత కలపమంటే మళ్లీ డబ్బు కట్టాలి.

సీసం, తీగలు

విషపదార్థాలకు హద్దు పెట్టే యూరప్ రోస్ చట్టంలో పది పదార్థాలున్నాయి. సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం హద్దు. మొత్తం పెట్టె బరువులో కాదు, పెట్టెలోని ప్రతి ఒక్క పదార్థంలోనూ. మూలన పడి ఉన్న, సీసం కలిసిన పాత 63/37 సోల్డర్ రీలు ఒకటి రిపేర్ బల్ల మీదికి వచ్చినా ఆ పెట్టె యూరప్‌కు పనికిరాదు. మేం ఆ రీళ్లను షెడ్డులోంచే తీసేశాం. చవక పీవీసీ తీగల్లో మెత్తదనం కోసం కలిపే థాలేట్లు కూడా ఆ పదింటిలో ఉన్నాయి. ప్రతి భాగానికీ సప్లయర్ రాతపూర్వక ప్రకటన తీసుకోండి.

లేబుల్

తయారుదారు పేరు, తపాలా చిరునామా, మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజీ, కరెంటు, చెత్తబుట్ట మీద కొట్టివేత గుర్తు, సీఈ అక్షరాలు కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తు. యూరప్‌లో దిగుమతిదారు పేరూ చిరునామా కూడా ఉండాలి. అక్కడ బాధ్యత వహించే సంస్థ లేకుండా నేరుగా కొన్నవాళ్లకు పంపడం 2021 జులై 16 నుంచి కుదరదు. జర్మనీకైతే ఎలక్ట్రానిక్ చెత్త కోసం అక్కడి నమోదు సంస్థ ఈఏఆర్ దగ్గర ముందే రిజిస్టర్ కావాలి. భద్రతా సూచనలు జర్మన్‌లో ఉండాలి. రేడియో బ్యాండు, గరిష్ఠ పవర్ మాన్యువల్‌లో రాయాలి.

లేబుల్‌ను నీళ్ల గుడ్డతో, తర్వాత ఆల్కహాల్ గుడ్డతో అరనిమిషం చొప్పున రుద్దుతారు. మా మొదటి లేబుల్ మామూలు ఇంక్‌జెట్. అక్షరాలు గుడ్డకు వచ్చేశాయి. ఇప్పుడు రిబ్బన్ ప్రింటింగ్ ఉన్న పాలియెస్టర్ లేబుల్ వాడుతున్నాం. రుద్ది చూడటం ఇంట్లోనే చేసుకోవచ్చు, ఖర్చు లేదు.

బ్యాటరీ

రవాణా భద్రతా పరీక్షల సారాంశం, అంటే యూఎన్ 38.3 టెస్ట్ సమ్మరీ లేకుండా లిథియం బ్యాటరీని విమానమెక్కించరు. బ్యాటరీ కొనేటప్పుడే అడగండి. విడి బ్యాటరీలు పంపితే చార్జ్ 30 శాతానికి మించకూడదు, ప్రయాణికుల విమానంలో పంపకూడదు. పెట్టెలోనే బిగించి పంపడం మేలు.

ముద్ర వచ్చాక

రెండేళ్ల కిందట ఒక ఉదయం మా స్టోర్స్‌లో పనిచేసే అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, కొత్త అడాప్టర్లు చేతికి తేలిగ్గా ఉన్నాయి" అంది. తూచాం. పాతది 62 గ్రాములు, కొత్తది 58. లేబుల్ ఒకటే, మోడల్ ఒకటే, ముద్రలన్నీ ఉన్నాయి. కోసి చూశాం. లోపల గోడ కరెంటు వైపుకూ మన వైపుకూ మధ్య ఉండే వై-కెపాసిటర్ మారింది. దాని మీద ఏ ముద్రా లేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు మీద టేపు మూడు పొరలకు బదులు ఒక్కటే ఉంది. అది చెడిపోతే పెట్టె మీద చెయ్యేసిన మనిషికి 230 వోల్టులు తగులుతాయి. సప్లయర్‌ను అడిగితే "ముడిసరుకు దొరకలేదు, చిన్న మార్పే" అన్నాడు. రెండు వేల అడాప్టర్లు వెనక్కి పంపాం, ఆ నెల ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. ఆ అమ్మాయి పట్టుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అప్పటి నుంచి మూడు పనులు పెట్టుకున్నాం. పరీక్ష పాసైన శాంపిల్‌ను సీలు వేసి అలమారలో దాచాం. వచ్చిన ప్రతి బ్యాచ్‌లో పది తూస్తాం, ఒకటి కోసి ఆ శాంపిల్‌తో పోలుస్తాం. ముద్రకు ఆధారమైన భాగాల జాబితా, అంటే ఫ్యూజ్, రిలే, బ్యాటరీ, అడాప్టర్, ప్లాస్టిక్ గ్రేడు, బోర్డు తయారుదారు, కొనుగోలు విభాగం గోడ మీద అతికించాం. ఆ జాబితాలోది ఏది మార్చాలన్నా నా సంతకం కావాలి. అమెరికా ముద్ర ఉంటే ల్యాబ్ మనుషులు మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు ఫ్యాక్టరీకి చెప్పకుండా వస్తారు. వాళ్లు చూసేదీ ఇదే జాబితా.

ఫైల్లో సర్క్యూట్, బోర్డు బొమ్మలు, భాగాల జాబితా, పరీక్ష రిపోర్టులు, ప్రమాద అంచనా, మాన్యువల్, లేబుల్ బొమ్మ, డిక్లరేషన్ ఉండాలి. యూరప్‌కు చివరి పెట్టె అమ్మినప్పటి నుంచి పదేళ్లు దాచాలి. ఫర్మ్‌వేర్ మారినా, రెసిస్టర్ మారినా, మార్పు ఏమిటో, మళ్లీ ఏ పరీక్ష అవసరమో, అక్కర్లేదంటే ఎందుకో ఒక పేరా తేదీతో రాసి చేర్చండి.

కుషాయిగూడ తమ్ముడి మొదటి సరుకు అనుకున్నదానికంటే నాలుగు నెలలు ఆలస్యంగా తయారైంది. జర్మనీ వాళ్లతో ముందే నిజం చెప్పమన్నాను, చెప్పాడు, వాళ్లు ఆగారు. మొన్న లేబుల్ ఫొటో పంపాడు. దిగుమతిదారు చిరునామాలో పిన్‌కోడ్ లేదు. చూసి చెప్పాను. మళ్లీ అచ్చుకిచ్చాడు.